అందరికీ ఒకటే పాస్‌వర్డ్

ఆ బార్‌లో అందరూ ఆమెను తీగలక్క అనేవారు. నలభై ఆరేళ్ళ మనిషి. ఎడమ కన్ను కనపడదు.

పదకొండేళ్ళ కిందట ఆమె ఇంకా కౌంటర్ వెనక నిలబడి గ్లాసులు నింపేది. ఒకరోజు ఇద్దరు తాగి కొట్టుకుంటుంటే అడ్డం వెళ్ళింది. ఒకడు విసిరిన సీసా రెండోవాడి తల తప్పి ఈమె ముఖం మీద పగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక యజమాని ఆమె ముఖంలోకి చూడకుండా, "ఇంక కౌంటర్ దగ్గర వద్దులేమ్మా, గిరాకీ బెదిరిపోతుంది. వెనకగదిలో కూర్చుని కెమెరాలు చూసుకో" అన్నాడు. ఆ మాట గాజుపెంకు కంటే లోతుగా దిగింది. కానీ ఎదురు చెబితే ఉన్న కూడూ పోతుంది. నోరు మూసుకుని వెనకగదిలోకి వెళ్ళింది.

బీరు పీపాల పక్కన, కిటికీ లేని గది అది. రిపేరు చేయడానికి వచ్చిన ప్రతివాణ్ణీ పక్కన నిలబడి ప్రశ్నలతో వేధించి, బిల్లుల మిషన్, కార్డులు గీకే మిషన్, పాటల కంప్యూటర్, పద్దెనిమిది కెమెరాలు అన్నీ నేర్చుకుంది. రెండేళ్ళలో బయటివాళ్ళను పిలిచే అవసరమే లేకుండా చేసింది. తీగలక్క అన్న పేరు అప్పుడు పడిందే. మిషన్ మొరాయిస్తే దాని నెత్తిన ఒక్కటి మొట్టి, "మీ యజమాని కంటే మొండిదానివే నువ్వు" అనేది.

తలుపు దగ్గర ఇంకో మిషన్ ఉండేది. లోపలికి వచ్చేవాళ్ళు గుర్తింపు కార్డును గాజు మీద పెడితే ఫొటో తీసుకుని, పేరు, వయసు, చిరునామా దాచుకునేది. చిన్నపిల్లలనూ, పాత గొడవల మనుషులనూ ఆపడానికి పెట్టారు దాన్ని. దాచుకున్నవి మాత్రం ఎవరూ తుడిచేవారు కాదు. పైగా సిబ్బంది అందరికీ ఒకటే పాస్‌వర్డ్. బార్ పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. ఐసు మిషన్ పక్కన గోడ మీద కాగితమ్ముక్కపై రాసి అంటించి ఉండేది.

"సార్, ఎవరికి వాళ్ళకి వేరే పాస్‌వర్డ్ పెడదాం. పాతవి తుడిచేద్దాం" అని తీగలక్క నాలుగైదుసార్లు చెప్పింది.

"మనింట్లో మనకి తాళాలెందుకమ్మా? పుట్టినరోజులకి మెసేజీలు పంపొచ్చు, ఉండనీ" అనేవాడు యజమాని.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆమె కూడా విసిగి వదిలేసింది. ఆ వదిలేయడమే తర్వాత ఆమెను నిద్రపోనివ్వలేదు.

తలుపు దగ్గర కాపలా ఉండేది ఆమె సొంత తమ్ముడే. తలుపంత మనిషి కాబట్టి అందరూ బండోడు అనేవారు. ఉద్యోగం ఇప్పించింది అక్కే. కోపం ముక్కు మీదే ఉండేది గానీ అమ్మన్నా అక్కన్నా ప్రాణం.

ఒక బుధవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ బార్‌కి వచ్చాడు. ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు, అవతలి వీధిలో ఒకావిడ చేతుల్లో సంచులతో తన ఇంటి తలుపు తీస్తుండగా విడిపోయిన భర్త వెనకనుంచి వచ్చి సుత్తితో కొట్టాడు. దవడ మూడు ముక్కలైతే రాత్రికి రాత్రే తీగలతో బిగించారు. తల కాచుకోబోయిన చెయ్యి నలిగిపోయింది. ఆమె పడిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడట. పక్కింటి ముసలాయన కుర్చీతో వాడి వీపు మీద బాదితే గానీ ఆగలేదు.

"ఆవిడ ఆరు నెలల కిందటే ఎవరికీ చెప్పకుండా ఇల్లు మారింది. అడ్రస్ ఎలా తెలిసిందిరా అంటే, బార్‌లో తెలిసిందని ఒక్కమాట అని నోరు మూసుకున్నాడు. ఆవిడ కిందటి నెల స్నేహితులతో ఇక్కడికి వచ్చిందట" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చూసి చెప్తాం సార్" అని యజమాని ఆయన్ని సాగనంపి, తీగలక్క వైపు తిరిగి, "ఏమీ దొరకలేదని రాసిచ్చెయ్" అన్నాడు.

ఆమె వెనకగదిలో కూర్చుని, తలుపు దగ్గరి మిషన్‌లో ఎవరి పేరు ఎప్పుడు వెతికారో చూపే చిట్టా తెరిచింది. సోమవారం మధ్యాహ్నం మూడూ పదికి ఆ ఆడమనిషి పేరు వెతికారు. ఎవరు? పాస్‌వర్డ్ అందరిదీ. అదే సమయానికి తలుపు దగ్గరి కెమెరా పెట్టి చూసింది. మిషన్ ముందు తమ్ముడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, తెర మీది చిరునామా ఫోన్‌లోకి ఎక్కించుకుంటున్న ఇంకొకడు.

రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బూటులోకి తోసింది. ఇంకా లేవనేలేదు, తమ్ముడు లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"అక్కా, తుడిచెయ్యి."

"ఎంత తీసుకున్నావురా?"

"ఒట్టు, పైసా తీసుకోలేదు. జిమ్‌లో స్నేహితుడే. కూతుర్ని చూడక ఆరు నెలలైందని ఏడ్చాడు. పిల్లని చూస్తాడనుకున్నా గానీ..."

ఆమెకు వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. "పద, నీ అంతట నువ్వే వెళ్ళి చెప్పు. నేను తోడొస్తా" అంది.

"జైల్లో వేస్తారే!"

"ఆవిడ దవడకి తీగలు చుట్టారురా."

"నా కంటే ఎవత్తో ఎక్కువా నీకు?"

వాడు ఆమెను కుర్చీతో సహా తోశాడు. తల పీపా అంచుకు తగిలి నెత్తురు చూపున్న కంట్లోకి కారింది. లేవబోతే కుడి చెయ్యి పట్టి వెనక్కి మెలితిప్పాడు. "తుడుస్తావా లేదా?" లేదంది. ఇంకొంచెం తిప్పాడు. మోచేతి దగ్గర ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరుపుకు వాడే బెదిరి చెయ్యి వదిలేశాడు. ఆ బెదురులోనే గోడకున్న మంటలార్పే సిలిండర్ పీకి రికార్డింగ్ పెట్టెను బాదాడు. రేకు చితికి తెరలన్నీ నల్లబడేదాకా బాది, వెక్కుతూ బయటికి పరిగెత్తాడు.

తలుపవతల యజమాని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. పగిలిన పెట్టెను చూసి ఊపిరి పీల్చుకుని, "మెట్ల మీద జారిపడ్డానని చెప్పు. ఖర్చు నేను పెట్టుకుంటా" అన్నాడు.

ఆమె వేలాడుతున్న చేతిని ఎడమచేత్తో పొట్టకు అదుముకుని నాలుగు వీధులు నడిచింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది. స్టేషన్‌లో కుర్చీ ఇస్తే కూర్చోకుండా, "ముందు నా బూటు విప్పండి" అంది.

తమ్ముణ్ణి ఆ సాయంత్రం అమ్మ మంచం పక్కనే పట్టుకున్నారు. ఆవిడ భర్తకు పన్నెండేళ్ళు, తమ్ముడికి రెండేళ్ళు జైలు పడింది. బార్‌కి నలభై రోజులు తాళం వేశారు. యజమాని ఆమెను తీసేద్దామనుకున్నాడు గానీ, ఆ మిషన్లు ఇంకెవరికీ లొంగలేదు.

తీర్పుకి చాలా ముందే, బార్ మళ్ళీ తెరిచిన వారంలో, చేతికి కట్టుతోనే తీగలక్క ఆవిడను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది. దవడకి తీగలుండి ఆవిడ నోరు తెరవలేకపోయింది. ఎడమచేత్తో ఫోన్ మీద రాసి చూపించింది. "నా అడ్రస్ ఇంకా అందులో ఉందా?"

"లేదమ్మా, తీసేశాను."

మళ్ళీ రాసింది. "మిగతావాళ్ళవి?"

పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. పోలీసులకు కావలసిన కాపీ అప్పటికే తీసుకెళ్ళారు. తిన్నగా బార్‌కి వెళ్ళి, యజమానిని అడగకుండా, ఎడమచేతి ఒక్క వేలితో నొక్కుకుంటూ అన్నీ తుడిచేసింది. ఏ రోజు వివరాలు మర్నాడు తెల్లారేసరికి పోయేట్టు పెట్టింది. మనిషికొక పాస్‌వర్డ్ ఇచ్చి, మర్చిపోయినవాళ్ళను తిట్టిపోసింది. యజమాని వచ్చి చూసి ఏదో అనబోయాడు. ఆమె తిరిగి చూసిన చూపుకు వెనుదిరిగాడు.

అమ్మ మాత్రం మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించి పెట్టి, మూత వేసి, లోపలికి వెళ్ళిపోయేది. ఒక్కసారి మాత్రం గోడ వైపు తిరిగి, "వాడు చిన్నప్పుడు నీ వేలు పట్టుకునే నడక నేర్చుకున్నాడు" అంది.

"తెలుసమ్మా" అంది కూతురు. కుడి మోచెయ్యి ఇక పూర్తిగా చాపుకోదు కాబట్టి, ఎడమచేత్తోనే అన్నం కలుపుకుంటోంది.