పథ్యం చేయని ఎలుకలు

బొరియలు తవ్వి ఎలుకలు పట్టే భీమ్లి గడ్డపార భుజాన వేసుకుందంటే రుద్రూర్ దాకా పొలంగట్ల మీది ఎలుకలు మూటాముల్లె సర్దుకునేవట. అటువంటి మనిషిని 1979లో ఎలుకలు మేపే పనికి పెట్టుకున్నాడు డాక్టర్ హరనాథబాబు. తండా అంతా కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటినుంచి ఆమె పేరు ఎలుకలవ్వ.

హరనాథబాబు వాళ్లు కోస్తా నుంచి వచ్చి బాన్సువాడ కాలువ కింద వరి పండించేవాళ్లు. అతను హైదరాబాదులో కాలేయం మీద పరిశోధన చేసేవాడు. అక్కడి ఎలుకల గది కప్పు కారుతోందని, పంజరాలన్నీ కారులో వేసుకుని వచ్చి తమ రైసు మిల్లు వెనక గదిలో దించాడు. అవి పుట్టుకతోనే కామెర్లున్న ఎలుకలు. చెవులు పసుపు రాసినట్టుండేవి. పెళ్లివారనుకుని మిల్లు పిల్లి కూడా పక్కకు తప్పుకుందని చెప్పుకుంటారు.

ఆరోగ్యంగా ఉన్న ఎలుకల కాలేయం నుంచి తీసిన కణాలను సగం ఎలుకలకు సూదితో ఎక్కించాడు. తేడా తెలియడానికి తక్కిన సగానికి ఉత్త ఉప్పునీరే. కణాలు ఎక్కించడమేమిటని భీమ్లి అడిగితే, మడిలో నారు నాటడం లాంటిదే, నాటుకుని పిలకలు వేస్తే పసుపు విరుగుతుందన్నాడు. నాట్లు వేసి వేసి నడుం పడిపోయిన భీమ్లికి అది ఇట్టే అర్థమైంది. నీడపట్టున చేసే ఈ పని పోగొట్టుకోకూడదనుకుంది. తను చెప్పిన పల్లీల మేత తప్ప మరేదీ పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

కానీ తండాలో కామెర్లకు నూనె సరుకులు మాన్పించి, పథ్యం పెట్టి, నేలఉసిరి పసరు పోసేది భీమ్లే. ఆ చెవులు చూస్తూ ఊరుకోలేకపోయింది. రోజూ తాగే నీళ్లలో పసరు కలిపింది.

కొన్ని వారాలకు కొన్ని చెవులు తెల్లబడ్డాయి. తన మందే పనిచేసిందని భీమ్లి మురిసిపోయి, ఆ మాట డాక్టరుతోనే అనేసింది. అతను చేతిలో పని ఆపేశాడు. ఇక మళ్లీ బురదలో వంగడమేననుకుంది భీమ్లి.

"ఏ ఎలుకలకు పోశావమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆమెకు కోపమొచ్చింది. "గదేంది సారూ, ఒక పిల్లకు పోసి ఇంకో పిల్లను ఎండబెడ్తనా? అన్నిటికీ సమానంగ పోసిన."

డాక్టరు పంజరాల మీది గుర్తులు చూసుకుంటూ గదంతా తిరిగాడు. తెల్లబడ్డవన్నీ కణాలు నాటినవే. మిగిలినవి పసరు తాగి కూడా పసుపుగానే ఉన్నాయి. కుర్చీలో కూలబడి నవ్వాడు. సగానికే పోసి ఉంటే ఏది దేనివల్లో తేలక తన కష్టమంతా గంగలో కలిసేదన్నాడు. రేపూ పనికి రమ్మన్నాడు, పసరు మాత్రం ఇంట్లో పెట్టి.

"నీ మందు పనిచేయలేదు, భీమ్లీ."

"ఎట్ల చేస్తది సారూ? మీరేమో పల్లీలు మేపుతుంటిరి. ఎలుకలు పథ్యం చేస్తయా?" అని, పంజరాల్లోకి ఊక తేవడానికి తట్ట అందుకుంది భీమ్లి.