మిద్దె మీది డిష్షు

మా మిద్దె మీద ఇంటర్నెట్ డిష్షు పెట్టించి వారం తిరక్కముందే కోతులు దాని మెడ విరిచేశాయి. నేను కింద గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. మాట సగంలో ఆగిపోయింది, తెర మీద ముఖాలన్నీ బిగుసుకుపోయాయి. పైన దబదబా శబ్దం. వెదురుకర్ర తీసుకుని మెట్లెక్కి చూద్దును కదా, ఒక గండుకోతి డిష్షును రెండు చేతులా పట్టుకుని ఊపుతోంది. ఇంకొకటి తీరిగ్గా కూర్చుని కేబులు నములుతోంది.

"మీ మొహాలు మండ!" అని కర్ర ఎత్తాను. గండుకోతి పళ్ళు బయటపెట్టి నా మీదికే దూకింది. మోచేతి కింద కండ పట్టుకుని కొరికింది. నేనూ ఊరుకోలేదు. దాని వీపు మీద కర్ర చీలేదాకా కొట్టాను. నా రక్తం నా చీరకు అంటుకుంటుంటే, అది పిట్టగోడ దూకి పారిపోయింది. ఆ సాయంత్రం సూది వేయించుకుంటూ కూడా నాకు నొప్పి తెలియలేదు, అంత మంట మీదున్నాను.

మాది ఏర్పేడు దాటి లోపలికి, కొండ అంచున పడిన కాలనీ. అమ్మినవాళ్ళు రంగుల కాగితాల్లో పార్కు చూపించారు, ఆస్పత్రి చూపించారు. వచ్చి చూస్తే ముళ్ళకంపలు, అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు. ఫోను మాట్లాడాలంటే మిద్దె ఎక్కి ఈశాన్యం మూల నిలబడాలి. మీ నాలుగిళ్ళకోసం ఇంతదూరం కేబులు లాగలేమని ఒక కంపెనీ చేతులెత్తేసింది. చివరికి వైర్లెస్ వాళ్ళు ఒప్పుకున్నారు. ఏర్పేడు వైపున్న టవరు కనబడేలా పొడుగాటి ఇనుప పైపు నిలబెట్టి, పైన డిష్షు బిగించారు. జానెడు పక్కకు తిరిగినా నెట్ రాదని చెప్పి పోయారు. ఆ ముక్క కోతులకు ఎవరు చెప్పాలి?

నలభై దాటాక దొరికిన ఉద్యోగం నాది. పిల్లలు హాస్టళ్ళకు పోయాక, ఆన్‌లైనులో పరీక్షలు రాసి, ఆస్పత్రి బిల్లులు సరిచూసే పనిలో ఇంటి నుంచే చేరాను. అన్నేళ్ళు ఫలానా ఆయన భార్యను, ఫలానా పిల్లల తల్లిని. ఇప్పుడు పొద్దున్నే తల దువ్వుకుని తెర ముందు కూర్చుంటే నన్ను నా పేరుతో పిలిచేవాళ్ళు. ఆ పిలుపు కోసం ప్రాణమైనా ఇస్తాననిపించేది. నిజంగానే అనిపించేది.

కోతులు మా వైపు మరిగింది పక్కింటి పెద్దాయన వల్ల. గుడి వంటశాలలో ప్రసాదాలు వండి రిటైరైన మనిషి, అందరం ఆయన్ని సామీ అంటాం. శనివారం శనివారం ప్రహరీ గోడ మీద అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు వరుసగా పెట్టి, చేతులు జోడించి నిలబడేవాడు. అవి తిని, మూతి తుడుచుకుని, నేరుగా మా మిద్దెకే.

నేను కట్టు కట్టుకున్న చేత్తోనే పోయి అడిగాను. "సామీ, మీ పుణ్యం మీరు సంపాదించుకోండి. నా కొంప మీద పడి ఎందుకు?"

"ఆయన రూపమమ్మా అవి. నువ్వు కర్ర పెట్టి కొట్టినావే, కళ్ళు పోతాయి" అన్నాడు.

"నా ఉద్యోగం పోతే మీ దేవుడొచ్చి ఇస్తాడా?" అన్నాను. గొంతు పెరిగింది. ఆయనా పెంచాడు. ఇంకోసారి పళ్ళు పెడితే గోడ పడగొడతానని వీధిలో నిలబడి అరిచాను. అందరూ విన్నారు.

డిష్షు బాగుచేయించినా మళ్ళీ పోయింది నెట్. మళ్ళీ. చివరికి మా మేనేజరమ్మాయి, నా కూతురి వయసు పిల్ల, మెత్తగా చెప్పింది, "ఇంకొక్కసారి డ్యూటీలో లైను తెగితే నేనేమీ చేయలేను" అని. ఆ రోజు నేను అన్నం తినలేదు. మా ఆయన చూశాడు. ఏర్పేడులో ఎరువుల దుకాణం ఆయనది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

"నువ్వు ఊరుకోమే. నేను సూసుకుంటా" అన్నాడు.

ఆదివారం పొద్దంతా మిద్దె మీదే ఉన్నాడు. డిష్షు పైపుకు ప్లాస్టిక్ గొట్టం తొడిగాడు, జారిపోయి కోతులు ఎక్కలేవన్నాడు. "నువ్వు మాత్రం పైకి పోవద్దు. మళ్ళా కరిస్తే యాడ తిరగాల ఆస్పత్రుల సుట్టూ?" అన్నాడు. నాకు ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది. బట్టలు కింద పెరట్లోనే ఆరేసుకున్నాను. లైను ఒక్కసారి కూడా తెగలేదు. నేను మీటింగుల్లో నవ్వడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం నేను మీటింగులో మాట్లాడుతుండగానే మిద్దె మీద ఒక కేక వినబడింది. కోతి కేకే, కానీ అలాంటిది నేనెప్పుడూ వినలేదు. ఆ వెంటనే మంద మొత్తం గోలపెట్టింది. మీటింగు అలాగే వదిలి కర్రతో పరుగెత్తాను. మా మెట్లు బయటనుంచే. సామి నాకంటే ముందే ఎక్కేశాడు.

ఆ గండుకోతే. పైపును కరుచుకుని వేలాడుతోంది. ఒళ్ళంతా వణుకుతోంది, అరచేతి దగ్గర పొగ. కాలిన వెంట్రుకల కంపు. అప్పుడు కనబడింది నాకు, గొట్టం మీద చుట్లు చుట్లుగా తొడుగు లేని తీగ. అది పిట్టగోడ దిగి కింద మీటరు పెట్టెలోకి పోతోంది. చేలల్లో అడవిపందులకు పెడతారే, ఆ కరెంటు తీగ.

సామి ఏడుస్తూ చెయ్యి చాచాడు దాన్ని దించడానికి.

"ముట్టుకోవద్దు సామీ!"

నేను కక్షతో అడ్డుపడుతున్నాననుకున్నాడేమో, వెనక్కి చూడనైనా చూడలేదు. వేళ్ళకూ తీగకూ మధ్య బెత్తెడు కూడా లేదు. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆయన మణికట్టు మీద కర్రతో కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది. ఆయన కుప్పకూలాడు. కింద వీధిలోంచి ఎవరో కేకేశారు, "సామిని కొట్టేస్తా ఉండాది రా!"

జనం మెట్లెక్కుతున్నారు. ఎవరో ఒకరు కోతిని పట్టుకుంటారు. నేను వాళ్ళను తోసుకుని కిందికి దూకినట్టే దిగాను. మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేశాను. లోపల గదిలోంచి మా మేనేజరమ్మాయి నా పేరు పెట్టి పిలుస్తోంది, "వినబడుతోందా?" అని. చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది. తర్వాత తిప్పేశాను. లోపల ఆ పిలుపు తెగిపోయింది.

పైన గండుకోతి పట్టు వదిలి చచ్చి పడింది, మిగతా కోతులు మనుషుల మీద పడ్డాయి. ఒకాయన చెవి చీరేశాయి. సామిని మోసుకుని దింపుతుంటే వీపుల మీదికి దూకి గోళ్ళతో రక్కాయి, మనుషులు రాళ్ళతో కొట్టారు. ఆ గందరగోళంలో తీగను ఎవరూ చూడలేదు. సామిని మా వాకిట్లోనే పడుకోబెట్టారు. అందరి కళ్ళూ నా మీదే. ఒకావిడ నా జుట్టు పట్టుకుని చెంప మీద కొట్టింది. నేను తిరిగి కొట్టలేదు, నోరు విప్పలేదు. మా ఆయనకు ఫోను పోయింది. ఆయన వస్తాడు, ఆయనే చెప్తాడు, ఆయనే చెప్పాలి అనుకున్నాను.

వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పైకి పోయాడు. దిగి వచ్చి, ఏదో చుట్టచుట్టి స్కూటరు డిక్కీలో పెట్టడం నేను చూశాను. తర్వాత సామి కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పైపోయింది సామీ. ఆమె కోపం మీకు తెలుసు కదా. మనిషి మంచిదే, ఒళ్ళు తెలీకుండా కొట్టేసినాది. ఆస్పత్రి కర్సు నేను పెట్టుకుంటా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్కూటరు దగ్గరికి పోయి డిక్కీ ఎత్తాను. తీగ తీసి వాకిట్లో పారేశాను, కాలిన బొచ్చు ఇంకా అంటుకునే ఉంది.

"కోతిని చంపింది ఇది. సామి ముట్టుకోబోతుంటే నేను కొట్టినాను. కట్టింది ఈయన."

మా ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "నీ ఉద్యోగం కోసమే కదే సేసింది."

"నా ఉద్యోగం పోయింది. నేనే తీసేసినా, ఈ చేత్తో మెయిన్ తిప్పి. ఇప్పుడు నా మీదికి నెట్టినావే, అది ఎవరి కోసం?"

అప్పటికి చెవి చిరిగినాయన మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. మొదటి దెబ్బ పడ్డప్పుడు ఆయన నా వైపు చూశాడు. ఇప్పుడు నా మాట వినేవాళ్ళే వాళ్ళంతా, నేను ఆగమంటే ఆగేవాళ్ళే. నేను చీరచెంగు తడిపి, సామి పక్కన కింద కూర్చుని, ఆయన మణికట్టుకు చుడుతూ ఉండిపోయాను.