పెద్దాయన ఫొటోలో చేతులు

ఈ అరబ్బు దేశంలో, బౌషర్‌లో నేను పని చేసే ఇంటికి మేడమ్ వాళ్ళ నాయన స్విట్జర్లాండ్ నుంచి వచ్చినాడు. ఆయన వాళ్ళ జిల్లాలో లీడరంట, జడ్జి కూడా అంట. జడ్జి అనే మాట వినంగానే వంటింట్లోకి పోయి దాక్కున్నా. రుస్తాఖ్‌లో నేను ముందు చేసిన ఇంట్లో నన్ను గదిలో పెట్టి తాళమేస్తాంటే తట్టుకోలేక పారిపోయి వచ్చినా. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపాయ. దొరికితే మళ్ళా ఆ గదే.

పెద్దాయన మంచం పక్కన ఒక ఫొటో ఉండె. ఊరి నడుమ మైదానం నిండా మొగోళ్ళు, అందరూ చెయ్యి పైకెత్తి నిలబడినారు. ఎదురుగా ఈయన. ఓయమ్మో, ఊరు ఊరంతా చేతులెత్తి లొంగిపోయిందంటే ఈయనెంత రాక్షసుడో అనుకున్నా. గది ఊడ్చేటప్పుడు ఆ పక్క చూసేదాన్నే కాదు.

ఒకనాడు మేడమ్ మొగునికి, అదే మా సారుకు, నేను పారిపోయి వచ్చిన సంగతి తెలిసిపాయ. పోలీసులకు అప్పజెప్పాల, లేకుంటే మన మెడకు చుట్టుకుంటాది అని మేడమ్ మీద అరుస్తాండాడు. పోలీసులంటే పాత ఇంటికే ఫోన్ పోతాది. వంటింటి వాకిలి కాడ నిలబడి వింటాండా.

పెద్దాయన నన్ను పిలిచి, ఆ ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టె. చచ్చినాన్రా దేవుడా అనుకున్నా. ఆయన చెప్పేది మేడమ్ నాకు తెలిసే ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది. అది లొంగిపోవడం కాదంట. వాళ్ళ ఊర్లో జడ్జినైనా అట్లా చేతులెత్తే ఎన్నుకుంటారంట.

"ఇందులో ఆడమనిషి ఉందేమో చూడు" అన్నాడు.

ఒక్కరూ లేరు. ఆడోళ్ళకు ఓటు వద్దని ఏండ్ల తరబడి తానూ చెయ్యెత్తినాడంట. ఆయన పెండ్లాం మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చూసేదంట. ఆ మాట కాడ ఆయన ఫొటో అంచు మీద వేలు పెట్టి చూపించినాడు.

"ఈమెను వాళ్ళ ఎంబసీకి తీసుకుపోదాం. సరే అనేవాళ్ళు చెయ్యెత్తండి. ఈమెకూ ఓటుంది."

ఆయన ఎత్తినాడు. సారు చేతులు కట్టుకున్నాడు. మేడమ్ మొగుని మొగం చూసి తల దించుకుంది. నేను ఎత్తితే సారుకు కోపం, ఎత్తకుంటే ఆ గది. ఏడుస్తానే ఎత్తినా. నన్ను చూసి మేడమ్ కూడా ఎత్తింది.

మరుసటి రోజు కారు తోలింది సారే. రుస్తాఖ్ పక్కకు తిప్పుతాడేమో అని తలుపు పిడి పట్టుకోనే కూర్చున్నా, ఎంబసీ మీద మన జెండా కనపడిందాకా విడవల్యా.

గేటు లోపలికి పోయి వెనక్కు తిరిగి చూసినా. సారు కారు పక్కన నిలబడి చెయ్యి పైకెత్తినాడు. టాటా చెప్తాండాడేమో అనుకున్నా. ఊపల్యా. అట్లే ఎత్తి పట్టుకున్నాడు.