చివరి పాటకు ముందు వినిపించిన గొంతు

రిటైర్మెంటుకు ముందు సంవత్సరం బెంగళూరు పీణ్యలోని మా ఆడియో కంపెనీ నాకు పాత టేపులను డిజిటల్‌కు మార్చే పని అప్పగించింది. నేను నాణ్యతా విభాగం అధిపతిని. నా సంతకం లేనిదే ఏ ఆల్బమూ విడుదల కాకూడదు.

ఆ టేపుల్లో ఊళ్ళోని ఒక రాక్ బ్యాండువి కూడా ఉన్నాయి. వాళ్ళ మొదటి కేసెట్ కాలేజీ హాస్టళ్ళలో మోగిపోయింది. రెండోది సగం వెనక్కి వచ్చింది. మూడోది గోడౌన్ దాటలేదు. ఆ తర్వాత గాయకుడు డేనియల్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

సేల్స్ మేనేజర్ రమేశ్ నాకు చూపకుండానే మూడో ఆల్బమ్‌లోని చివరి పాటను ప్రచారం కోసం ఫోన్లలోకి వదిలాడు. పాటకు ముందు నిశ్శబ్దంలో డేనియల్ గొంతు సన్నగా వినిపిస్తోంది. చనిపోయినవాడు పిలుస్తున్నాడన్నారు జనం. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది.

రమేశే అతికించాడని నా అనుమానం. ఫైలంతా వెతికాను, అతుకు దొరకలేదు. అసలు టేపు వేస్తే గొంతు అందులోనే ఉంది.

చుట్టిన టేపులో ఒక పొర ధ్వని ఏళ్ళు గడిచేకొద్దీ పక్క పొరకు మరకలా కొద్దిగా అంటుకుంటుంది. అందుకే రికార్డింగ్ అయ్యాక టేపును వెనక్కి చుట్టకుండా, చివర పైకి ఉండేలా దాచడం మా వృత్తిలో ఆచారం. అప్పుడు ఆ మరక పాట వెనక పడి కలిసిపోతుంది. దీన్నెవరో కేసెట్ అలవాటుతో మొదటికి చుట్టిపెట్టారు. మరక పాటకంటే ముందుకొచ్చింది.

ఆ వారమే డేనియల్ తల్లి రాహేలమ్మ వచ్చింది. రిటైరైన నర్సు.

"మావాడు నెమ్మది లేక పిలుస్తుండాడని చర్చిలో అంటుండారు సార్. ప్రార్థన కూటం పెట్టించమంటుండారు. నిజమా?"

అలాగే చుట్టిపెట్టిన ఇంకో గాయకుడి టేపు వినిపించాను. పాటకు ముందు అదే సన్నని గొంతు.

"ఈయనెప్పుడు పోయినాడు?"

"పోలేదమ్మా. బొమ్మసంద్రలో ఉన్నాడు. పోయిన నెల మా వాళ్ళ పెళ్ళిలో పాడాడు."

ఆమె మళ్ళీ వేయించుకుని వింది. "బతికినోడు గూడా పిలుస్తుండాడే," అని కొంచెం నవ్వింది. "ఈ మాట అందరికీ చెప్పండి సార్."

రమేశ్‌కు చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు.

"తెలుసు సార్. టేపు ఎక్కించేటప్పుడే ఇంజనీరు చెప్పినాడు. నేనేమైనా దయ్యమన్నానా? జనమే అనుకుంటుండారు. చెప్పేస్తే ఇంక ఎవడు వింటాడు?"

గొంతు చెరిపేస్తే దాచామంటారు. అందుకని ఆల్బమ్ మొదట్లో కారణం రాస్తేనే సంతకం పెడతానన్నాను. రాశారు. వినేవాళ్ళు తగ్గారు. రాహేలమ్మ ప్రార్థన కూటం పెట్టించలేదు.

అబద్ధాన్ని పుట్టించినవాడి కోసం నేను వెతికాను. పుట్టించినవాడు లేడు. తెలిసీ దిద్దనివాడు ఒకడుంటే అబద్ధం బతకడానికి సరిపోతుంది. ఆ తర్వాత ఏ మహిమ గురించి విన్నా, అసలు సంగతి ముందే ఎవరికి తెలుసని అడుగుతున్నాను.