మొండి మలుపు అవతల

మా ముందుగదిలో గోడ పొడుగునా సైకిళ్ళే. పెళ్ళైన కొత్తలో దీని గురించి బోలెడు పోట్లాడాను. ఫలితం లేదని తెలిశాక ఆ హ్యాండిళ్ళకు కుట్టు పూర్తయిన బట్టలు తగిలించడం మొదలుపెట్టాను. ఒక హ్యాండిలుకు స్కూలు యూనిఫారాలు, ఇంకోదానికి దిండు గలీబులు. మా ఆయన చూశారు, తీయమనలేదు. అలా రాజీ కుదిరింది మాకు.

మా ఆయన లేత్ పనివారు. ఇనుము చెక్కే మర ముందు ముప్ఫై ఆరేళ్ళు నిలబడి రిటైరయ్యారు. వారంలో ఆరు రోజులు మరవి, ఏడో రోజు కొండది. ఊరి వెనక ఉన్న ఆ కొండ మీద సైకిలు దారి వేసింది ఆయనే. వేయమని ఎవరూ అడగలేదు, వేశాక ఎవరూ శాలువా కప్పలేదు. గడ్డపార, పార సైకిలుకు కట్టుకుని వెళ్ళి, రాళ్ళు ఏరి, వాననీళ్ళు దారిని కోసుకుపోకుండా పక్కకు మళ్ళించి, రెండేళ్ళు తవ్వారు. అందుకే జట్టులో అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవారు.

జట్టంటే ఐదుగురం. పోస్ట్‌మాన్, రొట్టెల బట్టీ ఆయన, స్కూల్లో డ్రిల్లు మాస్టారు, మా ఆయన, నేను. అవును, నేనూ! ఇప్పుడు నన్ను చూసి ఎవరూ నమ్మరు గానీ, ఆ రోజుల్లో నా పిక్కలు చూసి డ్రిల్లు మాస్టారే కుళ్ళుకునేవారు.

దారి మొదట్లో అంతా చదునే, పిల్లలు కూడా నడిచి వెళ్ళొచ్చు. ఒక అరగంట అలా వెళ్ళాక మొండి మలుపు వస్తుంది. అక్కడ దారి ఒక్కసారిగా నిటారుగా లేచి, వంపు తిరిగి, గులకరాళ్ళ మీదుగా పైకి పోతుంది. ఆ మలుపుకి మా ఆయన ఒక షరతు పెట్టారు. ఎక్కేటప్పుడు కాలు నేల మీద పెట్టకూడదు. పెడితే మళ్ళీ మలుపు మొదటికి వచ్చి ఎక్కాలి. మూడుసార్లు పెడితే ఆ రోజుకి ఇంటికి పోవడమే. సైకిలు దిగి నడిపించుకు వెళ్ళడమన్నది లేనే లేదు. "తోసుకుంటూ పోయేదానికి దారెందుకు, మెట్లు కట్టుకోండి" అనేవారు.

నేను చేరిన కొత్తలో ఏడు వారాలు అక్కడి నుంచే ఇంటికి పోయాను. ఎనిమిదో వారం, మూడోసారి, ఒళ్ళు తెలియకుండా తొక్కితే పైన తేలాను. ఊపిరి అందడం లేదు, కళ్ళ ముందు చుక్కలు. మా ఆయన, అప్పటికింకా మా ఆయన కాదు, వచ్చి నా చక్రం వైపు చూసి, "గేరు సరిగ్గా వేశావు" అన్నారు. అంతే! ఆ మనిషి నాకు రాసిన ప్రేమలేఖ అదొక్కటే. ఆ మూడు ముక్కలకే పడిపోయిన నన్ను అనాలి.

కొండ పైన ఒక చెట్టుండేది. ఒకే మొదలు నుంచి రెండు మానులు లేచి, అలిగిన తోడికోడళ్ళలా చెరోవైపుకీ తిరిగి ఉండేవి. దాని కింద మా ఆయనా పోస్ట్‌మానూ కలిసి ఒక బల్ల వేశారు. అందరం ఆ బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, ఫ్లాస్కులో టీ పంచుకుని, కింద రైలు అగ్గిపెట్టెల వరసలా పోతుంటే చూసేవాళ్ళం. నా జీవితంలో సుఖం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను ఆ బల్లనే చూపిస్తాను.

పంతొమ్మిదేళ్ళ క్రితం దిగేటప్పుడు గులకరాళ్ళ మీద జారాను. మోకాలు పోయింది. నడవచ్చు, ఎక్కకూడదు అన్నాడు డాక్టరు. కుట్టు మిషను తొక్కడం కూడా వద్దంటే, మా ఆయన ఎక్కడినుంచో చిన్న మోటారు తెచ్చి, దానికి పట్టా బిగించి, వారంలో మిషను నడిచేలా చేసిచ్చారు.

అప్పటినుంచీ ఆదివారాలు నాకు ఒకటే తీరు. పొద్దున్నే ఆయన వెళ్ళేవారు, పదకొండింటికి వచ్చేవారు. నేను టీ పెట్టి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, మిషను ఆపి, "ఎలా ఉందండీ పైన?" అని అడిగేదాన్ని. ఆయన చెప్పేవారు. ఎడమ మాను చిగురేసిందనీ, కుడి కొమ్మన కాకి గూడు పెట్టిందనీ, బల్ల కాలు ఊగుతుంటే రాయి పెట్టాననీ. మామూలుగా మాటకో రూపాయి అడిగే మనిషి, చెట్టు దగ్గరికి వచ్చేసరికి వాగుతూనే ఉండేవారు. నాకు కొండ లేని లోటు ఆ అరగంటతో కొంత తీరేది.

జట్టు మెల్లగా చెదిరింది. పోస్ట్‌మాన్‌కి బదిలీ అయింది. బట్టీ ఆయనకు నడుము పట్టేసింది. డ్రిల్లు మాస్టారు కాలం చేశారు. అయినా మా ఆయన ఒక్క ఆదివారం మానలేదు. "ఒక్కరే వెళ్ళి ఏం చేస్తారండీ?" అంటే, "చెట్టుని పలకరించి వస్తా" అనేవారు.

ఇలా ఉండగా మా అమ్మాయి చిట్టికి కొండ మొదట్లో కొత్తగా పెట్టిన సైకిళ్ళ అద్దె షాపులో ఉద్యోగం వచ్చింది. అన్నీ కరెంటు సైకిళ్ళు. ఒకరోజు సాయంత్రం ఒకటి ఇంటికి తెచ్చి ముందుగదిలో నిలబెట్టింది. లావు టైర్లు, పొట్ట ఉబ్బిన గొట్టం, ఆ పొట్టలో బ్యాటరీ, పెడళ్ళ దగ్గర మోటారు.

మా ఆయన ముందు చక్రం పట్టుకుని లేపబోయి, దించేశారు. "ఇరవై మూడు కిలోలుంటుందే! ఇది సైకిలా, గేదె దూడా?"

"తొక్కితేనే తోస్తుంది నాన్నా. నువ్వెంత బలం పెడితే దానికి తగ్గట్టు అది సాయం చేస్తుంది. తొక్కడం ఆపితే అదీ ఆగిపోతుంది" అంది చిట్టి. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మోకాలి మీద బరువు పడదు. నువ్వు పైదాకా వెళ్ళొచ్చు" అంది.

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ బల్ల మీద కూర్చోవడం! డాక్టరుని అడిగాను, ఎక్కువ సాయం పెట్టుకుని నెమ్మదిగా తొక్కితే ఫర్వాలేదన్నాడు. ఇక నన్ను ఆపేదెవరు?

ఎవరేమిటి, మా ఆయనే. ససేమిరా అన్నారు. ఆ బరువు బళ్ళు మలుపుల దగ్గర జారి దారిలో గాడులు పడేలా చేస్తున్నాయన్నారు. అది నిజమే, కాదనను. మోటారుతో ఎక్కితే అది ఎక్కడం కాదన్నారు. కావాలంటే ఊళ్ళో రోడ్డు మీద తొక్కుకో, పైకి మాత్రం వద్దన్నారు. మూడు వారాలు ఇదే పాట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా మిషనుకి మోటారు పెట్టింది ఎవరండీ? మీరే కదా! అప్పటినుంచీ నేను కుట్టింది కుట్టు కాదా? ఊళ్ళో పిల్లలంతా బట్టలు కట్టుకోకుండానే స్కూలుకి పోతున్నారా?"

ఆయన లేచి వెళ్ళి తన సైకిలుకి గాలి కొట్టడం మొదలుపెట్టారు. నేను వస్తున్నా, అంతే అన్నాను.

ఆ ఆదివారం ముగ్గురం బయల్దేరాం. చిట్టీ నేనూ కరెంటు సైకిళ్ళ మీద, ఆయన తన పాతదాని మీద. నేను పెడలు మీద కాలు వేయగానే వెనకనుంచి ఎవరో నడుము మీద చెయ్యి వేసి తోసినట్టయింది. "ఓయమ్మో!" అని అరిచాను. చిట్టి ఒకటే నవ్వు.

తమాషా ఏమిటంటే, అన్నేళ్ళు ఎక్కిన కొండని నేను సరిగ్గా చూసింది ఆ రోజే. వెనకటి రోజుల్లో నాకు కనబడేది ముందు చక్రమూ, ముక్కు మీది చెమటా. వినబడేది నా రొప్పు. ఇప్పుడు తలెత్తి తొక్కుతున్నాను, మాట్లాడుతున్నాను, పిట్టల కూతలు వింటున్నాను. సన్నగా మోటారు రొద తప్ప వేరే గోల లేదు. కానీ ఏదో వెలితి. కాలు పెట్టావోచ్ అని వెనకనుంచి కేకలు లేవు, తిట్లు లేవు. హెల్మెట్లు పెట్టుకున్న వాళ్ళెవరో రివ్వున వచ్చి, చెయ్యూపి, దాటిపోతున్నారు. ఎవరికీ ఎవరి కోసమూ ఆగే పని లేదు.

మొండి మలుపు దగ్గరికి వచ్చాం. మా ఆయన అక్కడున్న రాయి పక్కన సైకిలు ఆపారు.

"మీరు పదండి. చైను పట్టేస్తోంది, చూసుకుని వస్తా."

అలక అనుకున్నాను. ఉండనీ, మొగుడి అలక నాకు కొత్తా? చిట్టి చెప్పినట్టు సాయం పూర్తిగా పెంచి మలుపులోకి దూకాను. చక్రం రాళ్ళను పట్టుకుని బరబరా ఎక్కేసింది. ఏడు వారాలు నన్ను ఏడిపించిన మలుపు, నిమిషంలో అయిపోయింది. సంతోషించాలో, పాపం అనుకోవాలో తెలియలేదు.

పైకి వచ్చాను. చెట్టు లేదు.

దారి తప్పామేమో అనుకున్నాను. రైలు పట్టాలు కింద అక్కడే ఉన్నాయి. చెట్టుండాల్సిన చోట ఒక మొద్దు. కొత్తగా కొట్టింది కాదు. నల్లబడి, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంది. పక్కనే బల్ల రెండు ముక్కలై, చెదలు పట్టి, నేలలో సగం కూరుకుపోయింది. అక్కడ ఒక పెద్దాయన తన కరెంటు సైకిలు ఆపుకుని నీళ్ళు తాగుతున్నారు.

"ఈ చెట్టు ఎప్పుడు పడిందండీ?" అని అడిగాను.

"చెట్టా? నేనిక్కడికి నాలుగేళ్ళుగా వస్తున్నానమ్మా. నేను వచ్చేసరికే మొద్దు. గాలివానకి పడిందని ఎవరో అన్నారు."

నాలుగేళ్ళు! కిందటి ఆదివారమే కదా, ఎడమ మానుకి ఆకు రాలుతోందని చెప్పారు. నేను మిషను ఆపి మరీ విన్నానే. చిట్టిని అక్కడే ఉండమని, బ్రేకుల మీద బ్రేకులు వేసుకుంటూ కిందికి దిగాను.

ఆయన ఆ రాయి మీదే కూర్చుని ఉన్నారు. చైను ముట్టుకున్న జాడ కూడా లేదు. నా మొహం చూడగానే తల దించేసుకున్నారు.

"ఎన్నాళ్ళైంది మీరు పైకి వెళ్ళి?"

"రిటైరైన మరుసటేడు నుంచి. నాలుగేళ్ళ పైనే అయింది. ఊపిరి చాలట్లేదు. మలుపు సగంలో కాలు పడిపోతోంది."

"మరి ప్రతివారం వచ్చి ఏం చేస్తున్నారు?"

"మూడుసార్లు ఎక్కి చూస్తా. మూడోసారీ కాలు పడితే ఇక్కడ కూర్చుంటా. పదకొండు అయ్యేవేళకి ఇంటికొస్తా."

"సైకిలు ఇక్కడ పడేసి నడిచి వెళ్ళొచ్చు కదండీ! ఎవరున్నారు చూడ్డానికి?"

"నేనున్నాగా" అన్నారు. "షరతు పెట్టిందే నేను. అందరినీ ఇంటికి పంపాను. నిన్ను ఏడు వారాలు పంపాను. నాదాకా వచ్చేసరికి నడిచి పోనా?"

ఇలాంటి పిచ్చి ఈ మనిషికి తప్ప ఇంకెవరికైనా ఉంటుందా! "అయితే ఆ చిగుళ్ళు? ఆ కాకి గూడు?"

"మూడోసారి కూడా కాలు పెట్టి వచ్చానని చెబితే నీకు ఏం మిగులుతుంది? నువ్వు అలా సూదులు నోట్లో పెట్టుకుని వింటుంటే..." ఆయన తలెత్తి మలుపు పైకి చూశారు. "చెట్టు ఎలా ఉంది? ఆకు ఉందా ఇంకా?"

అబద్ధం నా నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "పడిపోయిందండీ. నాలుగేళ్ళైందట" అన్నాను. హ్యాండిలు ఆయన వైపు తిప్పి, "నా సైకిలెక్కి వెళ్ళి చూసి రండి, బ్యాటరీ ఉంది" అన్నాను. అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నాకు చెట్టు కావాలని ఎవరు చెప్పారు మీకు? ఈ రాయి దాకా దారంతా చదునే కదా! ఈ మోకాలితో కూడా నేను ఇక్కడి దాకా నడిచొచ్చేదాన్ని. మీరిక్కడ ఒక్కరే కూర్చున్నారు, నేనక్కడ ఒక్కదాన్నే కూర్చున్నాను. నాలుగేళ్ళండీ! ఒక్కమాట చెప్పుంటే ఇద్దరం ఇక్కడే కూర్చునేవాళ్ళం కదా!"

ఆయన తలెత్తి నన్ను చూశారు. దారిని చూశారు, మేము వచ్చిన ఆ చదును దారిని. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు తట్టలేదే" అన్నారు. "రెండొందలకు పైగా ఆదివారాలు ఈ రాయి మీద కూర్చున్నా. ఒక్కసారీ తట్టలేదు."

నేను సైకిలు గట్టుకి ఆనించి, ఆయన్ని పక్కకు జరగమని, అక్కడే కూర్చున్నాను.