బ్యాటరీ అత్తయ్య

లోకంలో ఎవరి ఆరోగ్యం గురించీ లేనంత బెంగ మా అత్తయ్యకు తన కారు బ్యాటరీ ఆరోగ్యం గురించి ఉండేది. వీధంతా ఆమెను బ్యాటరీ అత్తయ్య అనేది. అది విని ఆమె కోప్పడకపోగా కాస్త గర్వపడేది.

అత్తయ్య మా నాన్న చెల్లెలు. బట్టలు కుడుతుంది. షాపు ఇంటి కిందే, కూరగాయల కొట్టు ఎదురుగానే. కారుతో ఏ పనీ లేదు. కానీ మిషను తొక్కి తొక్కి సొంతంగా కొనుక్కున్న కారు కదా, దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది. వాడకపోతే బ్యాటరీ దిగిపోతుందని మెకానిక్ ఎప్పుడో అన్న మాట ఆమె నెత్తికెక్కి కూర్చుంది.

షెడ్డులో బండి ఆపగానే బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసేది. కొసలకు తెల్లటి పొడి పట్టిందేమో చూసి, సోడా ఉప్పు నీళ్లతో తుడిచి, వాజలీన్ పూసేది. తన చేతులు పగిలితే మాత్రం పూసుకునేది కాదు. తీగ ఊడదీసిన ప్రతిసారీ కారులో గడియారం మొదటికొచ్చేది. ఆ కారెక్కినవాళ్లకు సరైన టైము తెలిసిన పాపాన పోలేదు.

ఎక్కడం కూడా ఒక పరీక్షే. తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతుంది మరి.

“ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఆ ముచ్చట్లేంట్రా? లైటు వెలుగుతోంది.”

“ఆ చిన్న లైటుకి ఏమవుతుంది అత్తయ్యా?”

“నీ ఒంట్లోంచి రోజూ ఒక చుక్క రక్తం తీస్తే ఊరుకుంటావా? ఎక్కు ముందు.”

హారన్ సంగతి సరేసరి. సందులో ఎవరైనా అడ్డొస్తే అద్దం దించి, తల బయటపెట్టి, “నాయనా, జరుగు” అని ఒక్క కేక పెట్టేది. దానికంటే హారనే నయమని జనం గోడలకు అతుక్కుపోయేవారు.

ఇక బుధవారం బ్యాటరీకి వ్యాయామం. ఇంజను ఊరికే ఆన్ చేసి ఉంచితే లాభం లేదట, ఊరి అటు చివరి దాకా తిప్పాలట. అందుకు తోడుగా పైవాటాలో ఉండే లెక్కల మాస్టారిని బతిమాలేది. ఆయన రిటైరైన మనిషి, ఒకరి దగ్గర అగ్గిపుల్ల కూడా తీసుకోని అభిమానం ఆయనది.

“మాస్టారూ, ఒక్కదాన్నే అంత దూరం పోవాలంటే నాకు గుండె దడ. తోడొచ్చి పుణ్యం కట్టుకోండి.”

“ఏం చేస్తాం, పదమ్మా,” అని ఆయన గొప్ప ఉపకారం చేస్తున్నట్టు ఎక్కేవారు. లారీల మధ్య నుంచి సూదిలో దారం ఎక్కించినట్టు కారు నడిపే మా అత్తయ్యకు గుండె దడట.

ఈ అవస్థ చూడలేక నా మొదటి జీతంతో ఒక చార్జరు కొని తెచ్చాను. ఆ రోజు బుధవారమే. ఇద్దరూ షెడ్డు దగ్గర ఉన్నారు.

“ఇది ప్లగ్గులో పెట్టి బ్యాటరీకి తగిలిస్తే చాలు అత్తయ్యా. ఏడాదైనా నిండుగా ఉంటుంది. ఇక బండి కదపనే అక్కర్లేదు.”

అత్తయ్య నా చేయి గట్టిగా గిల్లింది. మాస్టారు చార్జరు వంక చూశారు.

“అయితే నా అవసరం లేదన్నమాట,” అన్నారు మెల్లగా. ఆయన చేతి సంచిలో ఉతికిన చీర, దువ్వెన కనిపించాయి. పక్షవాతం వచ్చిన ఆయన భార్య ఊరికి అటు చివరి ఆసుపత్రిలో ఉందని నాకు తెలుసు. నొప్పెట్టే ఆ మోకాళ్లతో రెండు బస్సులు మారి ఆయన ఎలా వెళ్తున్నారో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పుడు నా బుర్ర వెలిగింది.

ఆయన సంచి భుజానికి తగిలించుకుని బస్టాపు వైపు తిరిగారు.

“బ్యాటరీ సరే, మరి టైర్ల సంగతో?” అంది అత్తయ్య కంగారుగా. “కదలకపోతే అడుగున చదునైపోవూ?”

మాస్టారు ఆగి, టైరు వంక చూసి, లెక్క వేసుకున్నారు. “నిజమే. కానీ దానికి ఈ వీధిలో తిప్పినా చాలు కదమ్మా?”

అత్తయ్య నా వంక చూసింది.

“చాలదు మాస్టారూ,” అన్నాను. “ఇంజనాయిలు బాగా కాగాలి. ఊరి అటు చివరి దాకా పోకపోతే ఇంజనే పాడైపోతుంది.”

మాస్టారు నిట్టూర్చారు. “బండి పెట్టుకున్నాక ఇవన్నీ తప్పవు. పదమ్మా,” అని ముందు సీట్లో కూర్చున్నారు.

నేను ఆమె మేనల్లుణ్నని అంతకుముందు ఎవరికైనా చెప్పాలంటే కాస్త నసిగేవాణ్ని. ఇప్పుడు అడక్కుండానే చెబుతున్నాను. అత్తయ్య మాత్రం తక్కువ తిందా? ఆ సాయంత్రమే వీధిలో చాటింపు వేసింది: “మా అన్నయ్య కొడుక్కి బండ్ల గురించి తెలియని విషయం లేదు.”