పరుపుచుట్ట విద్వాంసుడు

ఈ సంగతి విన్నాక మీరు నన్ను ఏ శుభకార్యానికీ పిలవరు. పిలిచినా చేతికి మైకివ్వరు. అయినా చెబుతాను. పోయిన పరువు ఎలాగూ పోయింది, కొత్తగా పోయేదేముంది?

అమీర్‌పేటలో గోడమీద బల్లికి కూడా జావా వచ్చిన రోజులవి. నేనూ ఆ కంప్యూటర్ కోర్సే చదువుతున్నాను, బల్లికంటే కాస్త వెనకబడి. ఆదివారాలు మాత్రం పంజాగుట్టలో ఒక సంగీతసభకు వ్యాఖ్యాతని. కుర్ర కళాకారుల్ని పిలిచి, ముందు వాళ్ళ కథ చెప్పించి, తర్వాత కచేరీ చేయించే సభ అది. ఓ ఉదయం కార్యదర్శి శర్మగారు నాకొక పని అప్పజెప్పారు.

"వరంగల్ నుంచి సత్య అని, మృదంగం వాయించేవారు వస్తున్నారు. అమీర్‌పేట బస్టాపు నుంచి తీసుకురా. ఏంటి, గుర్తుపడతావా?"

"మృదంగాన్ని గుర్తుపట్టలేనా అండీ!"

బస్సాగింది. పీపాలాంటి మూట భుజాన వేసుకుని ఓ కుర్రాడు దిగబోయాడు. మెట్టుకు అడ్డంగా ఒకమ్మాయి ఏదో సంచి హత్తుకుని నిలబడి ఉంది.

"కొంచెం పక్కకు జరుగమ్మా, విద్వాంసుడు దిగుతున్నాడు!"

పాపం, జరిగింది.

"మీకోసమే వచ్చాను, పదండి" అని కుర్రాణ్ణి ఆటో ఎక్కించాను. కోర్సులవాళ్ళు బస్టాపుకే వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోతారని అతనికెవరో ముందే చెప్పారట. కిక్కురుమనకుండా ఎక్కాడు.

"ఎన్నేళ్ళ సాధన?"

"ఇంక మొదలే కాలేదన్నా. గిప్పుడే చేరుత."

ఎంత వినయం! నా కళ్ళు చెమర్చాయి.

"తాళం గట్టిదే కదా?"

"తాళం యాడిదన్నా, తాడుతోని కట్టిన."

"మరి శ్రుతి?"

"గామె ఎవరన్నా? నేనొక్కన్నే వచ్చిన."

విద్వాంసులకు హాస్యం కూడా ఉంటుందని పకపకా నవ్వాను. నేను పట్టిన కుందేలుకు కాళ్ళెన్నో లెక్కపెట్టాలని అప్పుడైనా తోచలేదు.

హాల్లో శర్మగారు ఎదురొచ్చి అతని మెడలో దండ వేశారు. మూట విప్పించారు. పరుపు, దిండు, మధ్యలో మామిడికాయ పచ్చడి సీసా!

"ఏంటయ్యా ఇది?"

"పరుపండి" అన్నాను. అంతవరకు నాకు బాగా తెలుసు.

అంతలో ఆ బస్టాపు అమ్మాయి చెమటలు కక్కుతూ వచ్చి, సంచిలోంచి మృదంగం తీసింది. "నేనే సత్యని సార్. గీ అన్న జరగమంటే జరిగిన. గంతలనే ఆటో పోయింది. నడుసుకుంట వచ్చిన."

శర్మగారి చూపుకి అక్కడికక్కడే పచ్చడైపోయాను. కానీ వేళ మించుతోంది, మైకు పట్టడానికి ఇంకో మనిషి లేడు. నా ఘనకార్యం జనానికి తెలియదన్న ధైర్యంతో వేదిక ఎక్కాను.

"సత్యగారూ, మృదంగం ఎలా నేర్చుకున్నారు?"

"మా అన్న నేర్సుకుంటుంటే తోడుగ పోయేదాన్ని. వాడు క్రికెట్‌కు ఉరికిండు. గురువుగారు నన్ను కూసోబెట్టిండు. ఆడపిల్లకెందుకని ఇంట్ల అందరు తిట్టిన్రు. అమ్మ ఒక్కతే 'వాయించు బిడ్డా' అన్నది. ఇప్పటికీ యాడికి పోయినా నన్ను చూసి, వాయించే పిలగాడేడి అంటరు."

నిజంగానే నా రక్తం ఉడికిపోయింది. ఒళ్ళు మరిచి మైకులో గర్జించాను: "ఛీ! ఈ కాలంలోనూ అలాంటి మూర్ఖులున్నారా?"

"ఉన్నరన్నా" అంది మెల్లగా. "మైకులు సుత పట్టుకుంటున్నరు."

హాలు ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది శర్మగారే.

తర్వాత నేను వేదిక దిగాను, సత్య మృదంగం అందుకుంది. ఆ వేళ్ళ కింద వాన మొదలై, ముదిరి, ఉరుమై, మళ్ళీ చినుకైంది. నా పరువు సంగతి నేనే మరిచిపోయాను. ముందువరుసలో నా పక్కన దండతో సహా కూర్చున్న పరుపు కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో అన్నాడు: "అన్నా, జావా గింత మంచిగుంటదని నాకెవరూ చెప్పలే!"

ఆ రోజు సత్య ముందు నన్ను వాయించింది, తర్వాత మృదంగాన్ని. రెండూ చక్కగా పలికాయనే జనం అన్నారు. కాబట్టి మహాజనులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పేరడగకుండా ఇక ఏ విద్వాంసుణ్ణీ ఆటో ఎక్కించను. మైకులో ఎవర్నైనా మూర్ఖుడని తిట్టాలనిపిస్తే, ముందు ఇంటికెళ్ళి అద్దం చూసుకుని వస్తాను.